కాలేజీతో పాటు ఊరినీ ఎంచుకుందాం

(వసంత పంచమి నాడు సరస్వతీ పూజ, అక్షరాభ్యాసాలు ముగిశాక సభ్య కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున నలుగురు పసివాళ్ళ చేత పళ్ళెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దించాం. వాళ్ళ అమ్మానాన్నల ముఖాలు వెలిగిపోతున్నాయి. అదే సమయంలో వెనక వరుసలో పన్నెండో తరగతి పిల్లల తల్లిదండ్రులు కూర్చున్నారు. వాళ్ళ ముఖాల్లో ఆ వెలుగు అంతగా కనిపించలేదు. బోర్డు పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆ తర్వాత పిల్లను ఎక్కడికి పంపాలి, ఎంతవుతుంది అనే లెక్కలు నడుస్తున్నాయి. ఆరేళ్ళ కిందట నేనూ అక్కడే కూర్చున్నాను. అందుకే సమితి పెద్దలు నన్ను ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు.

నేను విద్యా నిపుణుణ్ణి కాను. మాది తుని. బురైమిలో ఒక బిల్డింగ్ మెటీరియల్స్ దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం. ఒక పిల్లాడి విషయంలో తప్పు చేసి, రెండో పిల్ల విషయంలో కొంత దిద్దుకున్న తండ్రిని. ఆ అనుభవమే చెప్తాను.

మా పెద్దాడికి సీటు వెతికేటప్పుడు మేము కాలేజీ పేరు చూశాం, ప్లేస్‌మెంట్ల అంకెలు చూశాం, రంగురంగుల బ్రోచరు చూశాం. ఊరిని మాత్రం చూడలేదు. అదొక పెద్ద నగరం. కాలేజీ ఆ నగరానికి ఎంత దూరమో కూడా చేరిన రోజే తెలిసింది. ఫీజు కట్టేశాక హాస్టల్ వేరు, మెస్ వేరు, బస్సు వేరు అన్నారు. ఏడాది చివర నా పుస్తకంలో కూడి చూస్తే, ఫీజు వంద రూపాయలైతే మిగతా ఖర్చులు డెబ్భై దాటాయి. అదైనా తట్టుకోవచ్చు. పిల్లాడు ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నాను నాన్నా" అనేవాడు. సంక్రాంతికి మా బావగారు వెళ్ళి చూస్తే, వాడు మూడు వారాలుగా క్లాసుకే వెళ్ళడం లేదు. ఆదివారం వెళ్ళడానికి ఒక ఇల్లు లేదు, నడవడానికి ఒక వీధి లేదు, పలకరించే మనిషి లేడు. పుట్టినప్పటి నుండి బురైమిలో పెరిగినవాడు, మన దేశంలో రోడ్డు దాటడం కూడా వాడికి కొత్తే.

వాడు ఒక ఏడాది పోగొట్టుకుని, వేరే ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు బాగున్నాడు. ఆ ఏడాది డబ్బు గురించి నేను బాధపడటం మానేశాను. వాడు ఆ గదిలో ఒంటరిగా పడుకున్న మూడు వారాల గురించి మాత్రం ఇంకా బాధపడుతూనే ఉన్నాను.

అప్పటి నుండి నేను ఊరిని మూడు ప్రశ్నలతో చూడటం మొదలుపెట్టాను. మొదటిది: నెలకు మొత్తం ఖర్చు ఎంత? రెండోది: క్లాసు లేని రోజున పిల్ల ఎక్కడికి వెళ్తుంది? మూడోది మన గల్ఫ్ వాళ్ళ ప్రశ్న: రేపు నా ఉద్యోగం పోతే కూడా ఆ ఊళ్ళో చదువు ఆగకుండా సాగుతుందా? ఈ మూడో ప్రశ్న మన ఇళ్ళలో ఎవరూ పైకి అనరు. కానీ మన వీసా కాగితం మీద గడువు తేదీ ఉంటుంది, పిల్లల నాలుగేళ్ళ చదువు ఆ తేదీని చూసి ఆగదు.

ముందు దగ్గరలో ఉన్నవి చూద్దాం. పక్కనే ఉన్నదాన్ని చూడకుండా దూరం వెళ్ళడం మనకు అలవాటు. మన బురైమిలోనే 2003లో మొదలైన బురైమి యూనివర్సిటీ కాలేజీ ఉంది, 2010లో వచ్చిన బురైమి విశ్వవిద్యాలయం ఉంది. సోహార్‌లో 2001 నుండి విశ్వవిద్యాలయం ఉంది. ఇంట్లో ఉండి చదివితే హాస్టల్, మెస్, విమాన టికెట్లు మూడూ మిగులుతాయి. నర్సింగ్, వ్యాపారం లాంటి చదువులు అనుకునేవాళ్ళు ఒకసారి వెళ్ళి అడగండి. అడగవలసిన మొదటి మాట: ఈ డిగ్రీతో మన దేశంలో పై చదువుకు, ఉద్యోగానికి అర్హత ఉంటుందా? రెండోది: ఈ కోర్సు పూర్తిగా ఇంగ్లీషులోనా, కొంత అరబిక్‌లోనా?

అల్ ఐన్ సంగతి. మనలో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు కూరగాయల కోసం కూడా అల్ ఐన్ వెళ్ళివచ్చేవాళ్ళం, మధ్యలో అడిగేవాళ్ళు లేరు. 2006 ప్రాంతం నుండి సరిహద్దు గట్టిపడింది. 1976లో షేక్ జాయెద్ స్థాపించిన యూఏఈ విశ్వవిద్యాలయం మన మేడ మీద నుండి చూస్తే అంత దగ్గరలో ఉన్నట్టే ఉంటుంది, కానీ మధ్యలో దేశం మారుతుంది. విద్యార్థి వీసా, రోజూ దాటడమా, అక్కడే ఉండడమా అనేవి తేల్చుకోకుండా దగ్గర కదా అని ఫీజు కట్టకండి.

ఇక ఇండియా. ఇక్కడ ఊరికంటే ముందు ఒక మలుపు ఉంది. అది పదో తరగతి దగ్గరే వస్తుంది. చాలామంది పది అవ్వగానే పిల్లలను విజయవాడకో హైదరాబాదుకో ఇంటర్‌కి పంపేస్తున్నారు. పంపే ముందు రెండు నియమాలు తెలుసుకోండి.

ఒకటి లోకల్ సంగతి. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1974 నుండి మన రాష్ట్రాల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికులంటే, స్థూలంగా, అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవాళ్ళు. రెండేళ్ళ ఇంటర్‌తో ఆ నాలుగేళ్ళు పూర్తి కావు. తల్లో తండ్రో రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించి ఉంటే మిగతా 15 శాతం సీట్లకు పోటీ పడే దారి ఉండేది. అయితే రెండు రాష్ట్రాలూ ఈ మధ్య నియమాలను మార్చుకుంటున్నాయి, కాబట్టి ఏ ఏడాది చేరుతున్నారో ఆ ఏడాది నోటిఫికేషనే చూడాలి.

రెండోది డాసా. విదేశాల్లో చదివే పిల్లలకు ఎన్‌ఐటీల్లో, మరికొన్ని కేంద్ర సంస్థల్లో విడిగా సీట్లు ఉంటాయి. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఇస్తారు. అందులోనే గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు సీఐడబ్ల్యూజీ అనే విభాగం ఉంది. ఆ దేశాల్లో ఒమన్ కూడా ఉంది. మామూలు డాసా విద్యార్థి సెమిస్టరుకు వేల డాలర్లలో కట్టాలి, ఈ విభాగంలో వచ్చినవాళ్ళకు ట్యూషన్ ఫీజు మన దేశంలోని పిల్లలతో సమానం. కానీ పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలోనే చదివి ఉండాలి. అంటే ఇంటర్‌కని ఇండియా పంపితే ఈ తలుపు మూసుకుంటుంది, లోకల్ తలుపు కూడా తెరుచుకోదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఇక్కడి ఇండియన్ స్కూల్లోనే పన్నెండు పూర్తి చేస్తే ఈ అవకాశం చేతిలో ఉంటుంది. జేఈఈ మెయిన్‌కి, నీట్‌కి ఈ మధ్య ఏళ్ళలో మస్కట్‌లోనే పరీక్షా కేంద్రం ఉంది. నాలుగు గంటల ప్రయాణం, ముందురోజే వెళ్ళి పడుకుంటే చాలు.

ఇప్పుడు ఊళ్ళు. నేను నాలుగు ఊళ్ళు తిరిగి చూశాను, వాటి గురించే చెప్తాను.

హైదరాబాదు. చదువుకు లోటు లేని ఊరు. ఉస్మానియా 1918 నాటిది. గచ్చిబౌలిలో 1974లో వచ్చిన కేంద్ర విశ్వవిద్యాలయం, 1998లో వచ్చిన ట్రిపుల్ ఐటీ పక్కపక్కనే ఉన్నాయి. కందిలో ఐఐటీ ఉంది. భాషలు చదవాలంటే ఇఫ్లూ, న్యాయం చదవాలంటే నల్సార్. పిల్లకు విసుగు పుట్టదు: పుస్తకాల దుకాణాలు, నాటకాలు, ఇరానీ చాయ్, ట్యాంక్‌బండ్. మస్కట్ నుండి నేరుగా విమానం ఉంటుంది, చుట్టాలు ఎవరో ఒకరు ఉంటారు. కష్టమల్లా అద్దె, దూరం. ఐటీ కంపెనీల చుట్టుపక్కల హాస్టల్ మంచం ధర వేరు, ఉస్మానియా చుట్టుపక్కల ధర వేరు. 2017 నుండి మెట్రో ఉంది కానీ అన్ని కాలేజీల గుమ్మం దాకా రాదు. నగరం పేరు చూసి చేరేముందు, కాలేజీ నగరంలో ఉందా, ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉందా చూసుకోండి. అవతల ఉంటే హైదరాబాదు ఖర్చు మిగులుతుంది, హైదరాబాదు సంతోషం దక్కదు. మా వాడి విషయంలో జరిగింది అచ్చంగా ఇదే, ఊరు వేరు అంతే.

విశాఖపట్నం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అక్కడ వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల ఉంది, గీతం ఉంది, ఐఐఎం ఉంది. యూనివర్సిటీ నుండి సముద్రం దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. సాయంత్రం ఖర్చు పెట్టకుండా గడపగలిగిన ఊరు విద్యార్థికి చవకైన ఊరని నేను అక్కడే తెలుసుకున్నాను. మురీ మిక్స్చర్ పొట్లం పట్టుకుని బీచ్‌లో రెండు గంటలు కూర్చోవచ్చు. వారాంతానికి సింహాచలం ఉంది, అరకు రైలు ఉంది. లోటు ఏమిటంటే, గల్ఫ్ నుండి విమానాలు హైదరాబాదుకు ఉన్నన్ని ఉండవు. ఎండాకాలం ఉక్కపోత మన పిల్లలకు కొత్త. బురైమి ఎండ పొడి ఎండ, అది చెమట ఎండ.

తిరుపతి. గుడి కోసమే వెళ్తాం, బళ్ళు చూడం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. ఆడపిల్లల కోసం 1983 నుండి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో మొదలయ్యాయి. సంస్కృతం చదవాలనుకునే పిల్లలకు 2020లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. పెద్ద నగరం కాదు కాబట్టి చాలా కాలేజీలు ఆటో దూరంలోనే. ఏ ఊరు నుండైనా రైలు ఉంటుంది, అమ్మమ్మ తాతయ్య దర్శనానికి వచ్చే వంకతో మనవరాలిని చూసి వెళ్తారు. చెన్నై దగ్గర కావడం వల్ల విమానానికీ ఇబ్బంది లేదు. పండగ రోజుల్లో మాత్రం ఊరంతా జనమే.

వరంగల్లు. 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీయే నేటి ఎన్‌ఐటీ. 1976 నుండి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, కాకతీయ వైద్య కళాశాల ఉంది. హైదరాబాదు రెండు మూడు గంటల రైలు ప్రయాణం, గదుల అద్దె మాత్రం హైదరాబాదుది కాదు. వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు, 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప. నిదానమైన ఊరు ఇష్టమైన పిల్లలకు బాగుంటుంది. మాల్స్ కావాలనే పిల్లలకు ఒక నెలలో చిరాకేస్తుంది. రెండు రకాల పిల్లలూ ఉంటారు, తప్పు లేదు. మన పిల్ల ఏ రకమో మనకు తెలియాలి.

విదేశాల మాట కూడా అనుకుందాం. ఈ మధ్య జర్మనీ పేరు బాగా వినిపిస్తోంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుండి మనలాంటి వాళ్ళ దగ్గర సెమిస్టరుకు 1500 యూరోలు తీసుకుంటున్నారు. ఫీజు లేకపోయినా బతుకు ఖర్చు ఉంది కదా. 2024 సెప్టెంబరు నుండి వీసాకు ఏడాదికి 11,904 యూరోలు ముందే ఖాతాలో వేసి చూపించాలి, అంటే నెలకు 992. మ్యూనిక్‌లో గది దొరకడమే కష్టం, లైప్‌జిగ్, కెమ్నిట్స్ లాంటి తూర్పు ఊళ్ళలో అద్దెలు తక్కువ. అక్కడా మాట ఒకటే: దేశాన్ని ఎంచుకుని ఆగిపోతే చాలదు, ఊరిని ఎంచుకోవాలి. పన్నెండు అవ్వగానే నేరుగా చేరడం కూడా అందరికీ కుదరదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసవ్వడమో, మన దేశంలో ఒక ఏడాది డిగ్రీ చదివి ఉండడమో కావాలి. అందుకే డిగ్రీ ఇండియాలో చేసి, మాస్టర్స్‌కి వెళ్ళడం తేలిక.

వైద్యం కోసం బయటి దేశాలకు పంపేవాళ్ళు 2021 నాటి నియమాలు చదవండి. నీట్ పాసవ్వాలి, 54 నెలల చదువు, అదే సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్, ఇంగ్లీషు మాధ్యమం. వీటిలో ఒక్కటి తగ్గినా తిరిగి వచ్చాక ఇబ్బందే. ఊరు చవక అని ఏజెంటు చెప్పే మాటకంటే ఆ నియమాల కాగితం ముఖ్యం.

ఇప్పుడు నా మూడో ప్రశ్న దగ్గరికి వస్తాను. మన రియాల్‌ను డాలరుకు కట్టేశారు, 1986 నుండి ఒక రియాల్ సుమారు 2.60 డాలర్లు. రూపాయి బలహీనపడిన కొద్దీ మనం పంపే రియాల్‌కు ఎక్కువ రూపాయలొస్తాయి. ఇండియాలో చదివించేటప్పుడు ఇది మనకు కలిసొస్తుంది. ఇక్కడ ఉద్యోగం ఉన్నంతకాలం డాలరు ఫీజు కూడా మోయగలం అనిపిస్తుంది. ఉద్యోగం పోయి తునికో నిజామాబాదుకో తిరిగి వెళ్ళామనుకోండి, అప్పుడు రూపాయల్లో సంపాదించి డాలర్లలో, యూరోల్లో కట్టాలి. అందుకే నేనొక లెక్క పెట్టుకున్నాను: మిగిలిన చదువు ఏళ్ళ మొత్తం ఖర్చులో కనీసం సగం, నేను ఇక్కడ సంపాదించకపోయినా ఉన్న పొదుపులో నుండి కట్టగలిగితేనే ఆ ఊరు నాకు అందుబాటులో ఉన్నట్టు. ఎవరి సగం వాళ్ళు లెక్కవేసుకోండి. ఇంటి స్థలం అమ్మి కడతాం అనేది ఆ లెక్కలోకి రాకూడదు.

చేరే ముందు చేయవలసిన చిన్న పనులు చెప్తాను, రాసుకోండి.

ఆ కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న పిల్లతో మాట్లాడండి. మొదటి ఏడాది పిల్లకు ఇంకా తెలియదు, చివరి ఏడాది పిల్లకు గుర్తుండదు. నెలకు మెస్‌కి, గదికి, బస్సుకి, ఫోనుకి, బట్టలు ఉతకడానికి ఎంతవుతుందో విడివిడిగా అడగండి. ఏడాదికి రెండు విమాన టికెట్లు కలపండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచేసుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, చూపించి వెనక్కి తెచ్చుకోండి. ర్యాగింగ్ జరిగితే ఫోన్ చేయవలసిన ఉచిత నంబరు 1800-180-5522, పిల్లల ఫోనులో మీరే ఎక్కించండి. పిల్లలు ఆరు నెలలకు మించి ఒమన్ బయట ఉంటే వాళ్ళ నివాస వీసా ఏమవుతుందో మీ కంపెనీ పీఆర్వోను ముందే అడగండి. సెలవులకు రావలసిన తేదీ దాన్ని బట్టి ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లను ఒకసారి ఆ ఊరు తీసుకెళ్ళండి. కాలేజీ గేటు దగ్గర ఫోటో దిగి రావడానికి కాదు. ఒక వారం ఉండండి. సిటీ బస్సెక్కించండి, కూరగాయలు కొనిపించండి, బ్యాంకు పని చేయించండి. సాయంత్రం ఒంటరిగా ఒక గంట తిరిగి రమ్మనండి.

మా అమ్మాయిని అలాగే తిప్పాం. నాకు హైదరాబాదు ఇష్టం. మా బావగారి ఇల్లు ఉంది, అక్కడే ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది అనుకున్నాను. ఊళ్ళన్నీ తిరిగి వచ్చాక అది విశాఖ అంది. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు నా లెక్కల పుస్తకం తీసుకుని నా ముందు కూర్చుంది. "నాన్నా, అత్తయ్య వాళ్ళింట్లో ఉంటే అద్దె ఉండదు నిజమే, కానీ కాలేజీకి రోజూ పోనూ రానూ మూడు గంటలు. నాలుగేళ్ళు అత్తయ్యకు బరువు. విశాఖ నుండి తుని వంద కిలోమీటర్లు కూడా లేదు. శనివారం మధ్యాహ్నం రైలెక్కితే చీకటి పడకముందే నానమ్మ దగ్గర ఉంటాను" అంది.

నేను అద్దె లెక్కవేశాను, అది శనివారాలు లెక్కవేసింది.

ఇప్పుడు రెండో ఏడాది చదువుతోంది. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్ల. బస్సు మీద ఊరి పేరు చదవలేక మొదటి నెలలో రెండుసార్లు వేరే బస్సెక్కింది. వాళ్ళ నానమ్మ పాత వారపత్రికలు ముందు పెట్టుకుని చదవడం నేర్పింది. పొద్దున ఇక్కడ పసివాళ్ళు బియ్యంలో అక్షరాలు దిద్దుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. మా అమ్మకు డెబ్భై ఆరేళ్ళు. ఇన్నేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్న నేను ఆవిడతో గడిపిన శనివారాలకంటే, ఈ రెండేళ్ళలో నా కూతురు గడిపినవే ఎక్కువ.

ఆఖరి మాట. మన సమితిలో ఇరవైకి పైగా కుటుంబాల పిల్లలు ఏదో ఒక ఊళ్ళో చదువుతున్నారు. ఎవరి అనుభవం వాళ్ళ దగ్గరే ఉండిపోతోంది. ఈ రోజు ప్రసాదం దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాం. మీ పిల్లలు చదువుతున్న ఊరు, నెల ఖర్చు, నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి రాయండి. ఫీజు పొరపాటు రాసినా ఫరవాలేదు, నచ్చనిది మాత్రం దాచకుండా రాయండి. నేను నా పెద్దాడి సంగతి మొదటి పేజీలో రాశాను. పన్నెండో తరగతి పిల్లలూ, మీరు ఇంటికి వెళ్ళే ముందు అది చదవండి. ఏ ఊరి నుండి ఫోన్ చేసినా "బాగానే ఉన్నాను" అని మాత్రం అలవాటుగా అనకండి. బాగుంటేనే అనండి.